పచ్చటి పరుపు

పెరటి మిట్టకు అడ్డుగా కట్టిన గోడ కింద తడి ఇసుక గుట్టగా పడి ఉంది. గోడ పగుల్లోంచి ఇంకా జారుతోంది. తలెత్తి చూశాను. పైన మిట్ట మీద, నేను పెంచిన, నేలంతా పాకే తీగ నడుమ మావారు నిలబడి ఉన్నారు.

అది సారం లేని ఇసుకనేల, పైగా ఆమ్లగుణం ఎక్కువ. ఇంకేదీ బతకదని తేలాకే ఈ తీగ నాటాను. నీళ్ళడగదు, ఎరువడగదు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది.

"ఏమోయ్, చూడు, పరుపులా ఎంత మెత్తగా ఉందో!" అంటూ ఆయన మడమల మీద ఊగారు.

మెట్లెక్కి పరుగెత్తి, తీగ అంచు పైకెత్తి చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతిదాకా దిగింది. నేల తగల్లేదు.

"ఊగకండి. బోర్లా పడుకుని ఇటు పాకి రండి."

"ఈ వయసులో పాకడమా? పక్కింటావిడ చూస్తే నవ్వుతుంది."

"నవ్వనీండి. మీకు దణ్ణం పెడతాను, పడుకోండి!"

నా గొంతు విని నవ్వు ఆపేశారు. తీగ వేళ్ళు ఒక్కొక్కటే తెగుతుంటే పాకుతూ వచ్చారు. చెయ్యి అందగానే సిమెంటు మెట్టు మీదికి లాగేశాను. వెనక ఆయన చెప్పులు, వాటి కింది పచ్చదనం కలిసి కుంగిపోయాయి.

మెట్టు మీదే కూలబడి ఇద్దరం ఆ గుంతకేసి చూశాం.

"దానికి నువ్వు చుక్క నీళ్ళు పొయ్యవు కదా," అన్నారు చివరికి. "పాపమనిపించి, నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా నేనే పైపు పెడుతున్నా."

గుంతలోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఇవాళ కూడానా?"

కుళాయి కట్టేసి వస్తానంటూ ఆయన లేవబోయారు. నేను చెయ్యి వదల్లేదు.