ఎడమ నుంచి రెండో పెట్టె

ఓట్ల రోజు పొద్దున్నే మునికృష్ణప్ప బడికి ఎదురుగా వేసిన చప్పరంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పేరేసంద్రకు రెండు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో సగం మంది ఆయన పొలంలో కూలి చేసి బతికేవాళ్లే. బయలుదేరేటప్పుడు భార్య సుబ్బలక్ష్మమ్మ తోడు వస్తానంది. "పెండ్లాం కొంగు పట్టుకొని ఓటుకు పోతే కుక్కలు గూడా నవ్వుతాయి" అని ఆమెను ఇంట్లోనే ఆపేశాడు.

అది యాభైయేడో సంవత్సరం. మైసూరు శాసనసభకు ఎన్నికలు. నాలుగు పార్టీలు, నాలుగు గుర్తులు, బడిలో తెర వెనక నాలుగు పెట్టెలు. ఎవరికి వేయాలనుకుంటే వాళ్ల గుర్తు అంటించిన పెట్టెలో కాయితం వేయాలి. పడవ గుర్తు మునికృష్ణప్ప బావమరిది గోవిందప్పది. చెట్టు గుర్తు పిళ్ళప్పది. పిళ్ళప్పకు చిక్కబళ్లాపురంలో వేరుశనగ వ్యాపారం.

"చెనక్కాయలు కొలిచేవానికి అసెంబ్లీ కావాల్సొచ్చెనా" అని మునికృష్ణప్ప నెల రోజులుగా ఉమ్ముతూనే ఉన్నాడు.

ఆ నెలలో అభ్యర్థులందరూ ఆయన అరుగు దగ్గరికి వచ్చారు. ఆయన ఎవరికీ ఎదురు వెళ్లలేదు. దండం పెట్టినవాడికి తిరిగి దండం పెట్టలేదు. చేతికిచ్చిన కరపత్రాలను చదవకుండానే కింద పడేశాడు. ఇక కూలివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ల వైపు ముఖం తిప్పి మాట్లాడడం ఏనాడో మానేశాడు. అంత ఆస్తి ఉంటే ఆమాత్రం గర్వం ఉండదా అనుకుంది ఊరు.

ఆ కూలివాళ్లను తెర వెనక్కి పంపి ఎలా నమ్మడం? అందుకే ఆయన ఒక ఉపాయం పన్నాడు. కూలివాళ్లెవరూ కాయితం పెట్టెలో వేయకూడదు. నడుముకో కొంగుకో దోపుకొని బయటికి తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. అన్నీ చివర్లో ఆయనే వేస్తాడు.

"గొర్రెల్ని ఒంటిగా ఇడిస్తే ఎవని చేన్లోనన్నా పడతాయి" అన్నాడు తన మనిషి ఆంజనేయప్పతో. "మన పెట్టె ఎన్నోది?"

"ఎడంపక్క నుంచి రెండోదప్పా. పొద్దున పెట్టెలు పెట్టేటప్పుడు చూసినా, పడవ బొమ్మ బాగా అగుపిస్తాండాది."

"బొమ్మలు గొర్రెలకి. నాకు లెక్క చాలు."

ఒక్కొక్కరే వచ్చి అరచేతిలో కాయితం పెట్టి పోతున్నారు. చుట్టకంపు ముక్కుకు తగలగానే "బయ్యప్పా, దూరంగా నిలబడి ఇయ్యిరా" అని కసిరాడు.

మధ్యాహ్నం దాటాక హనుమక్క వచ్చింది. ఆయన కొట్టంలో పేడ ఎత్తే ముసలామె. కాయితం ఇచ్చాక కూడా కదల్లేదు.

"అప్పా, లోపల గాలికి తెర పడిపోయిండాది. పెట్టెలన్నీ ఎత్తి మళ్లా..."

"నిన్నెవరడిగినారే? ఇచ్చినావు గదా, పో."

"కాదప్పా, మన పెట్టె..."

"నువ్వు నాకు చెప్పేదానివైతివా? పోయి పేడతట్ట చూసుకో."

హనుమక్క వెళ్లిపోయింది.

సాయంత్రానికి నలభై మూడు కాయితాలయ్యాయి.

"నేనింకా ఓటు ఏసుండలేదు. నేనే అన్నీ ఏసొస్తా, ఇయ్యప్పా" అన్నాడు ఆంజనేయప్ప.

"నీ చేతికిస్తే గుప్పెడు చెనక్కాయలకి అమ్ముకొనొస్తావు."

ఆ మాట అంటూనే ఆంజనేయప్ప భుజం మీద చెయ్యి వేసి బడి గుమ్మం దాకా నడిచాడు. లోపల గుమాస్తా ఆయన వేలికి సిరా పూసి, కన్నడంలో ఏదో చెప్పబోయాడు. "గొత్తు, గొత్తు" అని, తనకన్నీ తెలుసన్నట్టు మధ్యలోనే అడ్డుకున్నాడు మునికృష్ణప్ప. తెర వెనక మొదటి పెట్టెను చేత్తో తాకి వదిలేశాడు. రెండో దాంట్లో నలభై మూడు కాయితాలూ, వాటి వెనక తనదీ, ఓపిగ్గా ఒక్కొక్కటే వేశాడు. మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

నాలుగో నాడు చిక్కబళ్లాపురంలో లెక్కించారు. యాభై రెండు ఓట్ల తేడాతో పిళ్ళప్ప గెలిచాడు. ఈ ఊరి పడవ పెట్టెలో తొమ్మిదంటే తొమ్మిదే కాయితాలు. చెట్టు పెట్టె నిండిపోయింది.

గోవిందప్ప అక్కడి నుంచి నేరుగా వచ్చాడు. అరుగు ఎక్కలేదు. వీధిలోనే నిలబడి, ఊరంతా వినేలా అన్నాడు: "చెనక్కాయలకి అమ్ముడుపోయినావు గదా బావా. ఇంక నీ గడప తొక్కను."

మునికృష్ణప్ప ఒళ్లు మండిపోయింది. కూలివాళ్లందరినీ పిలిపించాడు.

"ఏ దొంగనాయాలు చేసినార్రా ఇది?"

 హనుమక్క ముందుకొచ్చింది.

"మేము ఏసుంటే గదప్పా మోసం చేసేది. మా కాయితాలన్నీ నీ చేతిలోనే పెట్టినాము. పెట్టెలు తారుమారు చేసినారు, రెండో తావుకి చెట్టుది వచ్చిండాది అని నేను చెప్పబోతే ఇనకపోతివి. అయినా బొమ్మ చూసి ఏసేవానికి ఏ పెట్టె యాడుంటే ఏమి? తెలిసే ఏసుంటావు."

వెనక ఎవరో నవ్వారు. "ఎన్ని మూటలు ముట్టినాయో."

మునికృష్ణప్ప చేతికర్ర ఎత్తి విసురుగా అరుగు అంచుకు వచ్చాడు.

అప్పుడు సుబ్బలక్ష్మమ్మ బయటికొచ్చి, మూడేళ్లుగా చీకటి తప్ప మరేమీ చూడని భర్తను చెయ్యి పట్టుకొని, ఊరందరి ముందూ లోపలికి నడిపించుకుపోయింది.