చెదలు మిగిల్చిన కథ

పడవ తాడు విప్పేశాక వచ్చాడు ఆ ముసలాయన.

"సరంగు గారూ, ఒక్క క్షణం బాబూ!" అంటూ ధవళేశ్వరం రేవు మెట్లు దిగి, పడుతూ లేస్తూ పడవలో కూలబడ్డాడు. చంకలో పచ్చితోలుతో చుట్టిన మూట.

కాకినాడ పడవంతా ఒక్కసారి ముక్కు మూసుకుంది.

"ఛీ! ఏంటండీ నాన్నారూ ఈ కంపు?" అంది ప్రసన్నకుమారి, చేతిలోని పుస్తకాన్ని గుండెకి హత్తుకుంటూ.

పదిహేనేళ్ళ పిల్ల. రాజమండ్రి మిషను బోర్డింగు నుంచి సెలవులకి ఇంటికి పోతోంది. తీసుకెళ్ళడానికి వచ్చిన తండ్రి యెహెజ్కేలు, కాకినాడలో మిషను బడి మేష్టారు.

"నా ఎండుచేపలే నయం తల్లీ," అంది ఎదురుగా కూర్చున్న తలుపులమ్మ, బుట్ట దగ్గరికి లాక్కుంటూ.

పడవంతా నవ్వింది.

యెహెజ్కేలు గారు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"తోలుపని చేస్తావా?"

"పుస్తకాలకి అట్టలు కుడతానండి."

"అయితే ఆ కొసకి పో. ఇక్కడ పెద్దమనుషులున్నారు."

యెహెజ్కేలు గారు పుట్టింది తోళ్ళు నానబెట్టే లంద పక్కన. ఆయన తండ్రి బతికినన్నాళ్ళూ ఆ కంపుతోనే అన్నం పెట్టాడు, ఆ కంపుతోనే చదివించాడు. ఆ సంగతి ఆయన పడవల్లో చెప్పరు.

ముసలాయన బల్లలు తడుముకుంటూ కొసకి వెళ్ళాడు. కళ్ళు సరిగా కనపడవు కాబోలు. అయినా ఆ పిల్ల చేతిలోని ఎర్రతోలు అట్ట పుస్తకం వైపే చూస్తున్నాడు.

గట్టు మీద మనుషులు తాడు లాగుతున్నారు. పడవ కదిలింది.

"రేవులో చదివి ఆపిన కాణ్ణుంచి కానివ్వండి పాపగారూ," అంది తలుపులమ్మ. "ఆ కుర్రోణ్ణి ఓడదొంగలు ఏంచేశారు?"

కాలవ ప్రయాణంలో చదువొచ్చినవాళ్ళు పైకి చదవాలి. రానివాళ్ళు వింటారు. అదొక మర్యాద.

ప్రసన్న చదివింది. ఓడలు, కత్తులు, కోటగోడ మీంచి సముద్రంలోకి దూకే రాజకుమార్తె. చివరి పదహారు పేజీలూ ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ చోట ఎవరో తెల్లకాగితాలు కుట్టి, కథని చేత్తో రాసుకుంటూ పోయారు. అదీ పూర్తికాలేదు. నడిసముద్రంలో, తుఫానులో, కుర్రవాడి చేతిలోంచి తెడ్డు జారిపోయింది. అక్కడికి కాగితాలు అయిపోయాయి.

"ఇంతేనా?" అంది తలుపులమ్మ.

"ఇంతే! అచ్చులో ఉన్నదానికన్నా ఈ చేతిరాతే ఎంత బావుందో చూశావా? రాసినాయన ఏ జమీందారు గారబ్బాయో అయ్యుంటాడు. పాతికేళ్ళుంటాయి. గుర్రం ఎక్కుతాడు."

"మీరు చూశారేంటి?"

"చూడక్కర్లేదు. అక్షరాలే చెబుతాయి. ఈ పుస్తకం ఇచ్చిన మా నేస్తం సంపూర్ణమ్మకి చెప్పొచ్చాను, ఆయనెవరో కనుక్కుని మిగతా కథ సంపాదించమని. అది చదవకపోతే నేను చచ్చిపోతానంతే!"

"క్రైస్తవ పిల్లవి, ఏం మాటలవి?" అన్నారు యెహెజ్కేలు గారు, రుమాలులోంచే.

ప్రసన్న పుస్తకాన్ని చెంపకి ఆనించుకుంది. అదీ తోలే. అది మాత్రం కంపు కొట్టలేదు.

కొసనుంచి ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"కుర్రోడు మునిగిపోడమ్మా. తెడ్డు పోయినా..."

"నిన్నెవరడిగారు?" ప్రసన్న గయ్యిమంది. "కథ నువ్వు రాశావేంటి?"

పడవంతా మళ్ళీ నవ్వింది. ఈసారి చాలాసేపు. తాడు లాగేవాళ్ళు కూడా ఏంటా అని వెనక్కి తిరిగి చూశారు.

ముసలాయన నోరు తెరిచాడు. మూట ముడి మీద చెయ్యి వేశాడు.

"విప్పకు!" యెహెజ్కేలు గారు లేచి నిలబడ్డారు. "గంగరాజూ! సరంగువై ఉండి ఎవణ్ణి పడితే వాణ్ణి ఎక్కిస్తావా? లాకు దగ్గర దింపెయ్."

"అలాగేనండి మేష్టారూ. నడిచిపోతాడు లెండి," అన్నాడు గంగరాజు.

లాకులో నీళ్ళు సమానమయ్యేదాకా పడవ ఆగింది. ముసలాయన లేచాడు. దిగబోతూ వంగి, మూటని ప్రసన్న కాళ్ళ దగ్గర పెట్టాడు. ఏదో అనబోయాడు. అందరూ అప్పుడే ముక్కులు మూసుకున్నారు. మానేసి గట్టెక్కాడు.

లాకు తలుపులు తెరుచుకున్నాయి. పడవ సాగింది.

"నాన్నారూ! ఈ దరిద్రాన్ని ఇక్కడే వదిలేసి పోయాడు!"

"చేత్తో ముట్టుకోకు!"

ముట్టుకోలేదు. గొడుగు కొనతో తోసింది.

మూట కాలవలో పడి కాసేపు తేలింది. తరవాత ఒక పక్కకి ఒరిగి మునిగిపోయింది.

గట్టు మీద ముసలాయన ఆ చప్పుడు వైపు తిరిగాడు. అలాగే నిలబడ్డాడు.

"పీడా పోయింది," అంది ప్రసన్న.

పడవంతా హాయిగా గాలి పీల్చుకుంది. పెద్దమనుషులకి గాలి శుభ్రం కావడానికి ఎంతసేపు పడుతుంది?

మూడోరోజు కాకినాడకి సంపూర్ణమ్మ రాసిన కార్డు వచ్చింది. ప్రసన్న గుమ్మంలోనే నిలబడి చదువుకుంది.

"ప్రసన్నా, నువ్వు రేవుకి బయల్దేరిన కాసేపటికే మన రచయిత దొరికాడు. జమీందారూ కాదు, గుర్రమూ లేదు. మిగతా కథ ఎప్పుడో రాసి పెట్టుకున్నాడట, ఇన్నేళ్ళలో అడిగిన మనిషే లేదట. నువ్వడిగావని చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నీ పడవ అందుకుని నీ చేతికే ఇస్తానని అప్పటికప్పుడు పరిగెత్తాడు. ఉన్నది ఒక్కటే ప్రతి. చూపు పోయింది, ఇక రాయలేడు, జాగ్రత్తగా దాచుకో. నీళ్ళు తగలకూడదని పచ్చితోలులో చుట్టాడు, కాస్త కంపు కొడుతుంది, ఏమీ అనుకోకేం."