సైకిళ్లు చూసే మనిషి

"మార్లా, ఇటురా. వీడెవడో చూడు," అన్నాడు క్లింట్, కిటికీ తెర కొంచెం పక్కకి జరిపి.

మార్లా పొయ్యి మీద సూప్ వదిలేసి వచ్చింది.

బయట జోరున వాన. పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న ముసలాయన ఒకాయన క్యాంపు చివర్న ఆపిన, ఇల్లులాంటి వాళ్ల ఆర్వీ బండి వెనక నిలబడి, స్టాండుకి తగిలించిన రెండు సైకిళ్లనీ వంగి మరీ చూస్తున్నాడు. చూసి, తనలో తనే తల ఊపుకుని, పక్క బండి వెనక్కి వెళ్లాడు. అక్కడా అంతే.

"పెద్దాయన. ఏం తోచక తిరుగుతున్నాడేమో," అంది మార్లా.

"పోయిన వేసవిలోనూ నువ్వు ఇదే మాటన్నావు."

పోయిన వేసవిలో టెనెసీ క్యాంపులో ఇద్దరి సైకిళ్లూ పోయాయి. గొలుసు కోసి మరీ ఎత్తుకుపోయారు. ఏడాదంతా హోటళ్లూ సినిమాలూ మానుకుని కొన్నవి ఇవి. ఇవీ పోతే ఇక కొండదారుల్లో సైకిలు తొక్కే సరదాకి నీళ్లొదులుకోవడమే.

మర్నాడు శనివారం. వాన తగ్గి తుంపరలోకి దిగింది. బురదలో తొక్కడమే ఓ మజా అనుకునే జంట కదా, పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరారు.

దారి మొదట్లోనే ఎదురయ్యాడు పసుపు కోటాయన.

"ఏ వైపు నాయనా?"

"లారెల్ వాగు దాటి, పైదాకా," అన్నాడు క్లింట్.

"వాగు పొంగుతుందే! ఎప్పటికి తిరిగొస్తారు?"

"చీకటి పడేలోపల."

నాలుగడుగులు దాటాక మార్లా భర్తని నిలదీసింది. "మనం వాగు వైపు వెళ్లటం లేదుగా! అబద్ధమెందుకు ఆడావు?"

"బండి ఎంతసేపు ఖాళీగా ఉంటుందో ఆరా తీస్తున్నాడే పిచ్చిమొహమా! సాయంత్రం దాకా రామనుకుంటాడు. మధ్యాహ్నానికే వచ్చి దొంగని అక్కడికక్కడే పట్టుకుందాం."

దగ్గర్లోని చిన్న దారి తొక్కి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. దొంగ లేడు. తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది.

అయినా క్లింట్‌కి గుండె నిబ్బరం చాలలేదు. "రాత్రికి సైకిళ్లు బయట ఉంచేది లేదు. లోపల పెట్టేద్దాం," అన్నాడు.

"ఈ బురదతోనా?"

"బురద కడుక్కుంటే పోతుంది. సైకిలు పోతే వస్తుందా?"

ఒకటి స్నానాల గదిలో ఇరికించారు. రెండోది పాత దుప్పటి పరిచి మంచం మీద పడుకోబెట్టారు. తెల్లటి పరుపు మీద ఎర్రబురద చూసేసరికి మార్లా ప్రాణం ఉసూరుమంది.

సందె వేళకి వాన మళ్లీ అందుకుంది. బండి పైకప్పు మీద ఒకటే మోత. ఆ మోతలోనే తలుపు చప్పుడైంది.

క్లింట్ తెర సందులోంచి చూసి, టక్కున దీపం ఆర్పేశాడు.

"అతనే!"

బయట ముసలాయన ఏదో అడుగుతున్నాడు. వాన మోతకి ఒక్క ముక్క కూడా లోపలికి రావడం లేదు. మార్లా లేవబోయింది.

"కూర్చో! లోపల మనుషులున్నారో లేదో కనుక్కుంటున్నాడు."

"పాపం, ఏదైనా సాయం కావాలేమో."

"కావాలంటే క్యాంపు ఆఫీసుంది. ఉష్!"

మళ్లీ తలుపు చప్పుడు. ఈసారి గట్టిగా. తర్వాత టార్చి వెలుగు కిటికీల మీదుగా పాక్కుంటూ బండి వెనక్కి వెళ్లి, ఖాళీ స్టాండు దగ్గర కాసేపు ఆగింది. ఆ వెనకే నీళ్లలో బూట్ల చప్పుడు, పరుగులాంటి నడక.

"చూశావా? సైకిళ్లు కనపడకపోయేసరికి తోక ముడిచాడు!" అన్నాడు క్లింట్.

తలుపు తీసి ఉండాల్సిందేమోనని మార్లాకి మనసులో గుచ్చుకుంది. అయినా మొగుడితో పాటు నవ్వింది.

తెల్లవారి లేచేసరికి దారి మొదట్లో అటవీశాఖ జీపులు, ఒక అంబులెన్సు.

"దొరికాడన్నమాట," అన్నాడు క్లింట్ హుషారుగా.

ఇద్దరూ గబగబా వెళ్లారు. అంబులెన్సులో స్ట్రెచరు మీద నిండా దుప్పటి కప్పి ఉంది. అంచున పసుపు కోటు కొస వేలాడుతోంది.



"ఏమైంది?" అని అడిగింది మార్లా, తడిసి ముద్దయిన కుర్ర రేంజరుని.

"హోబర్ట్ గారమ్మా. వాగులో కొట్టుకుపోయారు. ఫోన్లు పనిచెయ్యక మాకు కబురందేసరికే ఆలస్యమైపోయింది."

"ఆ వానలో వాగుకెందుకు వెళ్లాడు?" అన్నాడు క్లింట్. గొంతులో హుషారు లేదు.

"ఆయన భార్య ఒక్కతే ఇక్కడికొచ్చి, ఈ కొండల్లోనే పోయిందండీ, సైకిలు మీంచి పడి. క్యాంపు నిండా జనం. ఆమె సైకిలు తిరిగి రాలేదని తెల్లారేదాకా ఒక్కరూ గమనించలేదు. అప్పట్నుంచీ వానాకాలమంతా ఇక్కడే ఉంటారు. రోజూ సందెవేళ బండి బండికీ వెళ్లి, సైకిళ్లన్నీ తిరిగొచ్చాయని చూసుకున్నాకే ముద్ద ముట్టేది."

మార్లా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత మంచి మనిషిని ఎంత మాటన్నాం అనుకుంది.

కుర్రవాడు తాడు భుజాన వేసుకుని కొండ వైపు కదిలాడు. "వస్తానమ్మా. ఇంకా ఇద్దరు దొరకాలి."

"ఇద్దరా? అయ్యో! మేమూ వస్తాం వెతకడానికి. ఎవరు వాళ్లు?"

"పేర్లు తెలీవమ్మా, ఆ చివరి బండిలో దిగిన జంటట. తలుపు కొట్టినా పలకలేదు, సైకిళ్లూ లేవు, వాగవతలే చిక్కుకుపోయి ఉంటారని ఆఫీసులో చెప్పి, ఆగమన్నా ఆగకుండా వాళ్ల కోసమే వెళ్లారు పెద్దాయన."