ఆయన్ని చూసినవాళ్ళు

"బసవేశ్వరరావు గారిని మీరు చూశారా?" అని అడిగింది తులసి.

"చూడటమేంటమ్మా. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చునేవాడు" అన్నాడు చలపతిరావు.

చలపతిరావు తెనాలిలో నాటక సమాజానికి ఇరవై ఏళ్ళుగా కార్యదర్శి. తులసి ఆ సమాజంలో పదకొండేళ్ళు వేషాలు వేసింది. ఇప్పుడు, ఈ 1979లో, హైదరాబాదు టీవీలో నాటకాలు రాసి తీసే ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగమంటే కాంట్రాక్టు. నెలాఖరుకి అయిపోతుంది. ఆమె తీసిన 'లాకు దగ్గరి ఇల్లు' వచ్చే శుక్రవారం ప్రసారమైతేనే పొడిగిస్తామన్నారు.

అడ్డం పడింది రచయిత పేరు. 1966లో పరిషత్తు పోటీల్లో మొదటి బహుమతి కొట్టిన నాటకం అది. అచ్చయిన పుస్తకం మీద బసవేశ్వరరావు అని ఉంది. ఊరు లేదు, ఫొటో లేదు. రచయిత సంగతి తేల్చే కాగితం మీద సంతకం ఉండాలి, నోటిమాట చెల్లదు అన్నాడు పై ఆఫీసరు. ఆ కాగితం టైపు చేయించి, బ్యాగులో పెట్టుకుని రైలెక్కింది తులసి.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. నిజంగా చూశారా?" అని మళ్ళీ అడిగింది.

చలపతిరావుకి కోపం వచ్చింది. మనిషి పొట్టి అట. ఎప్పుడూ జరదా కిళ్ళీ నములుతూ ఉండేవాడట. రిహార్సల్లో ఎవరైనా మాట మింగితే పుస్తకం విసిరికొట్టేవాడట. అడ్రసు మాత్రం తెలియదట. మరి బహుమతి తీసుకోవడానికి రాలేదు కదండీ అంటే, ఆ రోజు ఆయనకి జ్వరమనీ, అందుకే కప్పు తాను అందుకున్నాననీ చెప్పాడు. ఆ కప్పు బీరువా మీదే ఉంది. అందులో అగరుబత్తీలు గుచ్చి ఉన్నాయి.

"అయినా ఆ టీవీలో ఏముందమ్మా? శుభ్రంగా ఇక్కడ వేషాలు వేసుకునేదానివి, పాడైపోయావు" అన్నాడు.

తెనాలికి ఇంకా టీవీ రాలేదు. రెండేళ్ళుగా ఆమె ఏం చేస్తోందో ఆ ఊళ్ళో ఒక్కరూ చూడలేదు. చూడనివాటి మీద తీర్పు చెప్పడం చలపతిరావుకి కొత్త కాదు. తులసి కాగితం బయటికి తీయకుండానే లేచి వచ్చేసింది.

బాపట్లలో లక్ష్మీనారాయణ మాస్టారి మీద ఆమెకి ఆశ ఉంది. తెలుగు లెక్చరరు, మర్యాదస్తుడు. నాటకానికి ముందుమాట రాసింది ఆయనే. అందులో రచయితని 'నా చిరకాల మిత్రుడు' అన్నాడు.

"ముందుమాటల్లో అలా రాయడం మామూలే కదండీ మాస్టారూ. నిజానికి మీరు ఆయన్ని కలిసి ఉండరేమో" అని దాదాపు బతిమాలింది తులసి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు కూడా. అంతలో ఆయన భార్య కాఫీ పట్టుకొచ్చింది.

"మనింట్లో భోంచేశాడు కాదుటే ఆ బసవేశ్వరరావు?"

"అవునండి" అంది ఆవిడ, గ్లాసు తులసి చేతికిస్తూ.

ఇక మాస్టారిని ఆపడం ఎవరి తరం కాలేదు. రెండో అంకంలో పురిటి సీను రాయడానికి రచయిత తమ ఇంటికే వచ్చాడన్నాడు. తన భార్యని కూర్చోబెట్టి వివరాలు అడిగాడట. లేకపోతే ఆ బాధ మగవాడికి ఎలా తెలుస్తుందమ్మా అన్నాడు. తులసికి ఒళ్ళు మండిపోయింది. కాఫీ సగంలోనే వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కింది. అక్కడ వెంకట్రామయ్య ఉన్నాడు. ఆయన ప్రాంప్టరు. నాటకం జరుగుతున్నంతసేపూ తెర పక్కన నిలబడి, మర్చిపోయినవాళ్ళకి మాట అందించేవాడు. ఆ నాటకం రాతప్రతి మొదట చేరింది ఆయన చేతికే. ఈయన కూడా కాదంటే ఇంకెవరూ లేరు.

వెంకట్రామయ్యకి చూపు పోయింది. అయినా గొంతు వినగానే తులసిని గుర్తుపట్టాడు. ఆమె అడగాల్సింది అడిగింది.

"నేను చూడకపోవడమేంటి తులసమ్మా. రేపల్లె స్టేషన్లో రైలు దిగి, ఆ ప్రతి తనే నా చేతిలో పెట్టాడు. నీ గొంతు మీదే ఈ నాటకం నడవాలి వెంకట్రామయ్యా అన్నాడు. నువ్వప్పుడు అక్కడ లేవులే."



ఆ సంగతి చెప్పించుకోవడానికి బళ్ళో పిల్లలు వస్తుంటారని ఆయన కోడలు కోటమ్మ చెప్పింది. చెప్పిన రోజు మామగారు రెండు ముద్దలు ఎక్కువ తింటారంది.

"సంతకం కావాలన్నావుగా. ఇలా తే, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను" అన్నాడు వెంకట్రామయ్య.

తులసి కాగితం ఆయన ఒళ్ళో పెట్టింది. పెన్ను చేతికిచ్చింది. శుక్రవారం నాటకం, నెలాఖరు, పదమూడేళ్ళు అన్నీ ఆ పెన్ను కొసన ఉన్నాయి.

"ఏం రాసుందో ఒకసారి చదువమ్మా" అన్నాడాయన.

చదవడానికి నోరు రాలేదు. చదవకుండా పెట్టించుకోవడానికి మనసొప్పలేదు. తర్వాత చదువుతానులెండి బాబాయ్‌గారూ అని, కాగితం, పెన్ను వెనక్కి తీసేసుకుంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని తనని తాను తిట్టుకుంది. ఆ ముగ్గురినీ తిట్టుకుంది. భట్టిప్రోలు దాటాక బ్యాగులోంచి కాగితం తీసి, చింపబోతూ మరోసారి చదివింది.

"బసవేశ్వరరావు అనే మనిషిని నేనెన్నడూ చూడలేదు, ఆ నాటకం మాకు తెచ్చి ఇచ్చిందీ, ఆ పేరు పెట్టుకుని రాసిందీ తులసే."