తొమ్మిదింటి అతిథి

“ఇవాళా రాలేదు,” అన్నాడు మబ్బులాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

“ఎవరు నాన్నా?” కూతురు తన ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే అడిగింది.

“ఎవరో తెలిస్తే ఇంత బాధెందుకే!”

ఆయన వాతావరణ కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. రోజూ ఉదయం ఎనిమిదింటికి డాబా ఎక్కి, ఆకాశాన్ని ఎనిమిది భాగాలనుకుని, అందులో ఎన్ని భాగాలను మబ్బు కమ్మిందో చూసి రాయడం ఆయన ఉద్యోగం. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో సొంతంగా ఒక పేజీ పెట్టుకున్నాడు. అప్పట్లో బొమ్మ ఒకటి తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. అందుకని పేజీ నిండా అక్షరాలే. ఉద్యోగం అయిపోయినా ఆ రాత మాత్రం మానలేదు.

‘ఎనిమిదింట మూడు వంతులు మబ్బు. తూర్పున ఏకిన దూది. పడమర ఆరీ ఆరని దుప్పటి, నిమిరితే చేతికి చెమ్మ తగిలేలా ఉంది.’

పేజీ అడుగున వచ్చినవాళ్లను లెక్కపెట్టే మీటరు, దాని పక్కన అతిథుల పుస్తకం. ఒకప్పుడు ఆ పుస్తకం నిండా పలకరింపులే. ముక్కూ మొహం తెలియనివాళ్లు ‘మాకు వాన, మీకెలా ఉంది?’ అని రాసిపోయేవారు. వాళ్లంతా ఎటు పోయారో ఏమో, ఆరేళ్లుగా మీటరు రోజుకు రెండంకెలే తిరుగుతోంది. ఒకటి ఆయనది. రెండోది తొమ్మిదింటికల్లా ఠంచనుగా వచ్చిపోయే ఎవరిదో.

పోయిన వారం కూతురు ఆ పేజీని మార్చేసింది. వెబ్‌సైట్లు తయారుచేయడమే ఆమె పని.

“ఇంత చాంతాడు రాతలు ఎవరు చదువుతారు నాన్నా? డాబా మీద కెమెరా పెట్టేశాను. ఆకాశం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.”

ఫోటో బ్రహ్మాండంగా ఉంది, కాదనలేం. కాకపోతే దాన్ని చూడాలంటే ముందు కుకీలకు సరేననాలి, మెయిలు ఇమ్మనే పెట్టెను మూయాలి, పరుపుల ప్రకటనను తప్పించుకోవాలి. తన ఇంట్లోకి తానే టికెట్టు కొనుక్కుని వెళ్తున్నట్టనిపించింది మబ్బులాయనకు. ఆ మర్నాటి నుంచీ మీటరు రోజుకు ఒకటే తిరుగుతోంది.

“ఏదో యంత్రమై ఉంటుందిలే నాన్నా. ఈ రోజుల్లో యంత్రాలే పేజీలు తెరుస్తాయి, చదువుతాయి, పైకి చదివి వినిపిస్తాయి కూడా.”

“యంత్రమైతే ఫోటో పెట్టినందుకు అలుగుతుందా?”

కూతురు మళ్లీ ల్యాప్‌టాప్‌లోకి తల దించింది.

“నా పాత పేజీ నాకిచ్చెయ్. అప్పటికీ వాడు రాకపోతే రాయడం మానేస్తాను. గోడకు చెప్పుకోవడానికి నాకేం పిచ్చా?” అన్నాడాయన.

మర్నాడు పాత పేజీ, పాత అక్షరాలు. తొమ్మిది దాటాక చూస్తే మీటరు రెండు తిరిగింది.

“వచ్చాడే!” అని కేకపెట్టాడు మబ్బులాయన.

ఈసారి కూతురే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “ఎవరై ఉంటారు? మీ ఆఫీసువాళ్లా?”

“వాళ్లా? ఆకాశమంటేనే తలనొప్పి వాళ్లకి.”

“పోనీ రైతేమో.”

“అయితే రేపు వానొస్తుందా అని అడిగేవాడుగా. నేను రాసేది అయిపోయిన ఆకాశం.”

“కిటికీ లేని గదిలో ఉండేవాళ్లేమో?”

“అలాంటివాడు ఫోటో చూస్తే ఎగిరి గంతెయ్యాలి కదే!”

చివరికి ఆయన ఆనాటి ఆకాశం కింద ఒక ముక్క చేర్చాడు. ‘రోజూ తొమ్మిదింటికి వచ్చేవారికి నమస్కారం. ఫోటో పెడితే రాలేదు, తీసేస్తే వచ్చారు. ఎందుకో చెప్పి పుణ్యం కట్టుకోండి.’

మరునాటికి అతిథుల పుస్తకంలో సంతకం ఉంది, ఆరేళ్లలో మొదటిది. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు కూతురే పైకి చదివింది.

“‘అయ్యా, ఇన్నేళ్లూ పలకరించకుండా వచ్చిపోతున్నందుకు మన్నించండి. ఫోటో చాలా బాగుందని మావారు చెప్పారు. కానీ మీ దూది, మీ తడి దుప్పటి లేక ఆ వారమంతా నాకు పొద్దు గడవలేదు. ఉండబట్టలేక నిన్న మళ్లీ వచ్చాను.’”

అక్కడ ఆమె ఆగిపోయింది.

“ఆగావేం? చదువు.”

“‘నాకు పుట్టుకతోనే చూపు లేదు.’”