ఒక్క మాటా తీయలేదు

"పేజీ నిండా ఈ మాటలేంటి ఇర్యా? నా కవితంటే నాలుగే మాటలని దేశమంతటికీ తెలుసు!" కొత్త పుస్తకం పట్టుకుని తైస్తో అచ్చుగదిలోకి దూసుకొచ్చాడు. ఆవిష్కరణకు వచ్చినవాళ్ళు పక్కగదిలో కాఫీ తాగుతున్నారు.

సీసపు అక్షరాలు సర్దుతున్న ఇర్యా తలెత్తలేదు. "నువ్వు రాసిచ్చిందే. ముప్ఫై ఏడు పంక్తులు."

"ఎప్పుడూ నువ్వు తీసేసేదానివిగా!"

"ఇరవయ్యేళ్ళు తీశాను. మొన్న తుర్కు నగర రేడియోలో ఏమన్నావ్? 'మా ఆవిడకి కవిత్వం తెలీదు, సిరా పూయడమే తెలుసు' అన్నావుగా. తెలీనిదాన్ని ఎలా తీస్తాను మహాకవీ?"

పక్కగదిలో ఎవరో పైకి చదవసాగారు. మూడో పంక్తికే నవ్వులు వినిపించాయి.

తైస్తో గొంతు తగ్గింది. "ఆపించు ఇర్యా."

"ఇంకా ముప్ఫై నాలుగున్నాయి," అంటూ ఆమె తలుపు బార్లా తెరిచింది.