రెండున్నర గంటల దూరం

ఎల్లం మళ్లీ మొగులు వైపు చూశాడు.

"విమానం కోసమేనా?" బావి గట్టు మీద బీడీ ముట్టించుకుంటూ అడిగాడు గాలయ్య.

"ఇంక దేనికోసం? నా బిడ్డకు కావాల్సిన సూదిమందు బొంబాయిల ఉన్నదట. గాలి మీద నాలుగు వందల మైళ్లేనట. రెండున్నర గంటల్ల మన దిక్కు వచ్చి పడ్తదట. నర్సమ్మ చెప్పింది."

"విమానాలు బందై ఎన్ని నెలలాయె! యూనియన్ మిల్ట్రీ వచ్చి వారమాయె, ఒక్కటన్న దిగిందా?"

"దిగుతది. దిగకుంటె నా బిడ్డ దక్కది."

గోడకు అవతల మెదక్ దవాఖాన. అందులో ఎల్లం బిడ్డ. ఇవతల బావి.

అప్పుడే ఒకడు కుంటుతూ వచ్చాడు. మాసిన గడ్డం, చినిగిన కుర్తా, కాళ్లకు పేలికలు. చంకలో సంచి. వచ్చీరాగానే బావిలోకి వంగాడు.

"ఏయ్! బావిల ఏం చూస్తున్నవ్?"

"దూపైతుంది భాయ్. జర నీళ్లు."

గాలయ్య లేచాడు. పారిపోతున్న రజాకార్లు బావుల్లో విషం కలుపుతున్నారని తూప్రాన్ దాకా పుకారు.

"యాడికెళ్లి వస్తున్నవ్?"

"బొంబాయికెళ్లి."

"ఎన్నడు బయలెల్లినవ్?"

"పదకొండు రోజులాయె. షోలాపూర్ల రైలు బందయింది. ఆడికెళ్లి నడకే."

ఎల్లం పకపకా నవ్వాడు.

"విన్నవా గాలన్నా? రెండున్నర గంటల తొవ్వకు పదకొండు రోజులట! అబద్ధం గూడ సక్కగ ఆడొస్తలేదు సాయెబుకు. సంచిల ఏమున్నది?"

ఆ మనిషి సంచిని రొమ్ముకు హత్తుకున్నాడు. దారి పొడుగునా దోపిళ్లే చూసి వచ్చాడు మరి.

"బట్టలు," అన్నాడు.

గాలయ్య సంచి గుంజాడు. పాత గుడ్డలో చుట్టిన చిన్న చిన్న సీసాలు. అడుగున తెల్లటి పొడి. పైన ఇంగ్లీషు అక్షరాలు.

"గివా బట్టలు? విషంరా ఎల్లం!"

"కాదు భాయ్! దవా... పిల్లలకు..."

"మా పిల్లల్ని సంపనీకి వచ్చినవా?"

ఎల్లం ఒక్కో సీసానూ బండకేసి కొట్టాడు. చెయ్యి తెగినా ఆగలేదు.

ఆ మనిషి తిరగబడలేదు. మోకాళ్ల మీద కూలబడి, గాజు పెంకుల్లోంచి పొడిని కుర్తా చెంగులోకి ఎత్తుకోసాగాడు. బండంతా తడి. పొడి కరిగిపోతూనే ఉంది.

అరుపులు విని నర్సు ఎలిశిబా పరుగెత్తుకొచ్చింది.

"మదార్ భాయ్! వచ్చినవా? మందు దొరికిందా?"

మదార్ గుప్పిట తెరిచి చూపించాడు.

ఆమె ఒక పెంకు తీసి దాని మీది అక్షరాలు చదివింది. అక్కడే చతికిలబడింది.

"ఎంత పని జేస్తివి ఎల్లం! ఇది నీ బిడ్డ సూదిమందు."

ఎల్లం తలెత్తి మొగులు చూశాడు.

"విమానం రాలేదు గద నర్సమ్మా?"

"రాలే. ఈయన వచ్చిండు. వస్తడో రాడో అని నీకు చెప్పలే."

"నా బిడ్డ కోసం ఈయన పోవుడేంది? నేనెవరో గూడ ఎరుక లేదు గద!"

ఎలిశిబా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నీ బిడ్డ పండుకున్న మంచం మీదనే పోయిన నెల ఈయన బిడ్డ పానం పోయింది, ఆ పిల్లను మట్టిల పెట్టినంక, గా మంచం మీద ఇంకో బిడ్డ పోవద్దని బొంబాయి పోయిండు."